డిక్టేషన్‌లో పదికి పది, పాఠంలో సున్నా: కొత్త మాటలు పిల్లలకు ఎందుకు ఒంటబట్టడం లేదు?

నాలుగు, ఐదు తరగతులు చెప్పే టీచర్ల నోట ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది: "అర్థాలన్నీ రాయించాం, డిక్టేషన్ పెడితే అన్నీ రాస్తున్నారు. అదే మాట పాఠంలో కనిపిస్తే తెల్లమొహం వేస్తున్నారు."

బోర్డు మీద రాయడం, బొమ్మ చూపించడం, వాక్యంలో పెట్టి చెప్పడం మీకు వచ్చినవే. వాటి జోలికి పోను. ఎక్కడ తేడా కొడుతోందో పట్టుకోవడం గురించే ఇదంతా. ఉదాహరణలు భీమవరం, ఉండి, ఆకివీడు వైపు బళ్లవి. కోనసీమకి వెళ్తే మాటలు కొన్ని మారతాయి గానీ సమస్య అదే.

అన్నిటికంటే ముందు

పిల్లవాడికి అర్థంకాని వాక్యాన్ని, పుస్తకం మూయించి, మీరే చదివి వినిపించండి. వింటే అర్థమైందా? అయితే వాడికి మాట తెలుసు. అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గరే ఇబ్బంది. అలాంటి పిల్లవాడితో అర్థాలు ఎన్నిసార్లు రాయించినా లాభం లేదు, రోజూ పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చదివించాలి. విన్నా అర్థం కాలేదంటేనే ఈ కింది కారణాలు వెతకండి. అర నిమిషం పట్టని పని ఇది. దీన్ని వదిలేసి నెలల తరబడి పదాల పట్టికలు రాయించే తరగతులు చూస్తుంటే బాధేస్తుంది.

డిక్టేషన్ బాగానే ఉంది, వాక్యం మాత్రం అర్థం కాదు

పట్టిక వరస మార్చి అడగండి. తర్వాత అర్థం చెప్పి మాట అడగండి. అక్కడే తడబడితే వాడు నేర్చుకున్నది మాటని కాదు, వరసని.

వరస మార్చినా చెప్పేస్తున్నాడా? అయితే ఆ అర్థానికి అర్థం అడగండి. "ఎనార్మస్" అనగానే "బృహత్తరమైన" అని టకీమని చెప్తాడు. "బృహత్తరమైన అంటే ఏంట్రా?" అంటే నోరు పెగలదు. తెలియని మాటకి ఇంకో తెలియని మాట జతచేసి ఇచ్చామన్నమాట. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు చేతిలో ఉన్నా ఈ చిక్కు తీరదు, ఎందుకంటే ఆ తెలుగు చాలాచోట్ల పిల్లల ఇంట్లో వినపడే తెలుగు కాదు.

అర్థాన్ని ఇంటి మాటల్లో చెప్పండి. చెప్పి, అది ఏది కాదో కూడా చూపించండి. పాలకొల్లు క్షీరారామం గాలిగోపురం ఎనార్మస్. మన బడి గేటు పెద్దదే, కానీ ఎనార్మస్ కాదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డొరొతీ ఫ్రేయర్, ఆమె సహచరులు 1969లో రూపొందించిన నాలుగు గళ్ల పద్ధతి చాలామందికి శిక్షణల్లో తగిలే ఉంటుంది: అర్థం, లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణ కానివి. మన నోటుబుక్కుల్లో మొదటి మూడు గళ్లూ నిండుగా ఉంటాయి, నాలుగోది ఖాళీగా ఉంటుంది. మాటకి హద్దు ఎక్కడో పిల్లలకు తెలిసేది ఆ నాలుగో గడిలోనే.

వారానికి ఇరవై మాటలు ఇస్తుంటే ఆరేడుకి తగ్గించేయండి. ఏవి ఉంచాలన్న ప్రశ్నకి అమెరికా విద్యా పరిశోధకురాలు ఇజబెల్ బెక్, ఆమె సహచరులు చేసిన విభజన పనికొస్తుంది: రోజువారీ మాటలు, అన్ని సబ్జెక్టుల్లోనూ తిరిగే మాటలు, ఒక్క సబ్జెక్టుకే పరిమితమైనవి. మీ సమయం ఎక్కువగా పెట్టాల్సింది మధ్యవాటి మీద. "కంపేర్" వస్తే లెక్కల్లోనూ సైన్సులోనూ పనికొస్తుంది.

శుక్రవారం వచ్చు, నెల తిరిగేసరికి మాయం

మరుపు సహజం. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించాడు, నేర్చుకున్న దాంట్లో ఎక్కువ భాగం మొదట్లోనే త్వరగా జారిపోతుందని. కాబట్టి ఒకేరోజు పదిసార్లు రాయించకండి. మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారానికి, ఆ తర్వాత నెలకి అడగండి. అడిగేటప్పుడు పుస్తకం మూసి ఉండాలి. ఇంతకంటే దీనికి ఏమీ అక్కర్లేదు.

మాట తెలుసంటారు, జవాబు మాత్రం ఎక్కడికో పోతుంది

అన్నిటికంటే ఆలస్యంగా దొరికేది, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిందీ ఇదే. మాట పిల్లలకు నిజంగానే తెలుసు. తెలిసిన అర్థం మాత్రం పాఠంలోది కాదు.

ఐదో తరగతి పాఠంలో "కల్చర్" అనే మాట వచ్చింది. "ఎవరికి తెలుసు?" అని టీచరు అడిగితే క్లాసంతా చేతులెత్తింది. తెలిసిన మాటే కదా అని ఆవిడ ముందుకు వెళ్లిపోయారు. సొంత వాక్యం రాసుకు రమ్మంటే ఒక పాప ఇలా రాసింది: "అవర్ కల్చర్ ఈజ్ లాస్ దిస్ ఇయర్." టీచరు "లాస్" కింద ఎర్రగీత గీసి, "లాస్ట్" అని దిద్ది ఇచ్చేశారు.

ఆ పాప చెప్పింది సంస్కృతి గురించి కాదు. రొయ్యల చెరువులున్న ఇళ్లలో కల్చర్ అంటే ఒక విడత సాగు, చెరువులో సీడ్ (రొయ్యపిల్లలు) వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు తగిలితే "కల్చర్ పోయింది" అంటారు. ఆ ఏడాది వాళ్లకి నష్టం వచ్చింది. "మా నాన్న రోజూ అదే అంటున్నాడండి" అని అడిగితే చెప్పింది. దిద్దిన వాక్యం కూడా తన అర్థానికి చక్కగా సరిపోయింది కాబట్టి, ఆ పాప దృష్టిలో టీచరు ఒప్పుకున్నట్టే.

తెలియని మాట దగ్గర పిల్లలు కనీసం ఆగుతారు. తెలిసిన మాట దగ్గర ఆగరు, వాళ్లతోపాటు మనమూ ఆగం. మెట్ట నుంచో వేరే జిల్లా నుంచో బదిలీ మీద వచ్చిన టీచరుకైతే ఆ మాటకి ఇంట్లో ఇంకో అర్థం ఉందన్న అనుమానమే రాదు.

2009లో మన దేశంలో వనామి రొయ్య పెంపకానికి అనుమతి వచ్చింది. ఇప్పుడు మన బడిలో ఉన్న పిల్లలంతా ఆ తర్వాత పుట్టినవాళ్లే. చెరువుల మాటలు వాళ్లకి పుట్టిన దగ్గర్నుంచీ చెవిలో పడుతున్నాయి. సీడ్ అంటే హేచరీ నుంచి వచ్చే రొయ్యపిల్ల. ప్లాంట్ అంటే అమ్మ షిఫ్టుకి వెళ్లే చోటు, లేదా ఐసు తయారయ్యే చోటు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ముప్పై కౌంట్ పెద్ద రొయ్య, వంద కౌంట్ చిన్నది. "పెద్ద కౌంట్ ముందు రాయి" అన్న లెక్కకి ఒక పిల్లవాడు 30, 50, 100 అని రాస్తే, లెక్కలు రావని తేల్చేయకండి. వాడికి అంకెలు బాగానే వచ్చు. కాలువ గట్టున ఉండే ఊళ్లలో "లాక్" కూడా ఇలాంటిదే. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ కాలువల్ని పొలాలకే కాదు, పడవలకీ పనికొచ్చేలా తవ్వించాడు. పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించడానికి కట్టిన లాకులే చాలాచోట్ల బస్టాపు పేర్లయ్యాయి. ఆ పిల్లలకు లాక్ అంటే ముందు గుర్తొచ్చేది నీళ్లు.

పట్టుకోవడం తేలికే. "అర్థం తెలుసా?" అని అడగకండి, తెలుసనే అంటారు. "ఈ మాట ఎక్కడ విన్నావు? ఎవరన్నారు?" అని అడగండి. చెరువు గట్టు, నాన్న ఫోను, ఐస్ ప్లాంట్, అన్నీ బయటికొస్తాయి. కొత్త మాటకి అర్థం చెప్పే ముందు ఈ ప్రశ్న వేయాలి. చెప్పాక వేస్తే మీరు చెప్పిందే మీకు అప్పజెప్తారు.

సరిచేసేటప్పుడు ఇంటి అర్థాన్ని తప్పు అనకండి. అది తప్పు కాదు కూడా. బోర్డు మీద దాన్ని ఒక పక్క రాసి, పాఠంలోని వాక్యం చదివి, ఆ అర్థం పెట్టి చూడమనండి. "డాన్స్, పండగలు, తిండి మన కల్చర్‌లో భాగం" అన్నచోట రొయ్యల సాగు పెడితే కుదరదని వాళ్లకే తెలుస్తుంది. ఆ ఎబ్బెట్టుతనం వాళ్ల మనసుకి తట్టాకే రెండో అర్థం చెప్పండి. రెండింటికీ సంబంధం ఉంటే అదీ చెప్పండి. కల్చర్‌కి ఉంది: లాటిన్‌లో దాని మూలానికి సాగుచేయడం, పెంచడం అని అర్థం. రొయ్యని పెంచినా, తరతరాలుగా ఒక పద్ధతిని పెంచుకుంటూ వచ్చినా మాట ఒకటే. ఇది విన్న పిల్లలు ఆ మాటని మళ్లీ మర్చిపోవడం నేను చూడలేదు.

తర్వాత రెండు అర్థాల వాక్యాలూ కలిపి ఆరేడు ఇచ్చి, ఏది ఏదో విడదీయమనండి. వారం ఆగి, ఏ సూచనా ఇవ్వకుండా మళ్లీ ఒక్క వాక్యం అడగండి. ఇది మానొద్దు. ఇంట్లో రోజూ వినపడే అర్థానికి బలం ఎక్కువ, మీరు చెప్పిన దాన్ని మెల్లగా పక్కకి నెట్టేస్తుంది.

ఇంగ్లీషు మాటలకే అనుకోకండి, తెలుగులోనూ ఇదే గొడవ. "రైతులు చెరువు కింద సాగు చేస్తారు" అని పాఠంలో ఉంటే, కాలువ నీటితో వరి పండే ఊళ్లో పిల్లలకు ఆ వాక్యం అందదు. వాళ్లకి తెలిసినవి మంచినీళ్ల చెరువు, చేపల చెరువు, రొయ్యల చెరువు. చెరువు నుంచి పొలానికి నీళ్లు పెట్టడం వాళ్లెప్పుడూ చూడలేదు. అయినా చెరువు అన్న మాటకి అర్థం అడగాలని ఎవరికి తోస్తుంది? ఇక్కడ వర్షాధార చెరువు బొమ్మ, తూము, దాని కింద పొలం గీసి చూపిస్తే సరిపోతుంది.

మిగతావి

చూపు, వినికిడి లోపాలు ఉండొచ్చు. ముందు బెంచీకి మార్చితే తేడా కనిపించిందంటే ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి పంపండి. వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇంటి భాష వేరైతే ఆ భాషలో మాట ఏమిటో వాళ్లనే అడిగి పక్కన రాయించండి. బడి తరచూ మానేసే పిల్లలకు ఏ పద్ధతీ పనిచేయదు, ముందు ఇంటికి వెళ్లి ఎందుకు మానుతున్నారో కనుక్కోండి.