తొలివానకు ముందు జలాశయం నీటి పరీక్ష: తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వేసవి చివర్లో లోతైన జలాశయంలో నీరు పొరలుగా విడిపోతుంది. వేడెక్కిన నీరు తేలికై పైనే ఉండిపోతుంది, చల్లటి నీరు అడుగున చిక్కుకుంటుంది. అక్కడ ఆక్సిజన్ అయిపోగానే పూడికలో ఇనుమును అంటిపెట్టుకున్న ఫాస్ఫరస్ విడిపోయి నీళ్లలో కరుగుతుంది. గాలివానకు పొరలు కలిసిపోతే ఆ ఫాస్ఫరస్ నాచుకు మేత అవుతుంది, ఆక్సిజన్ లేని అడుగు నీరు పైకొచ్చి చేపలు చనిపోతాయి. అందుకే పరీక్ష వానకు ముందే జరగాలి. గట్టున నిలబడి ముంచుకొచ్చిన ఒక్క సీసా నీటితో ఇదేదీ తెలియదు.

పడవలో బాగా లోతున్న చోటికి వెళ్లి, ముందు మీటరుకొకసారి ఉష్ణోగ్రత చూడండి. మీటరుకు ఒక డిగ్రీకి మించి పడిపోయే చోటే పొర మారుతోందని గుర్తు. నమూనాలు కనీసం మూడు లోతుల్లో కావాలి: నీటిమట్టానికి అర మీటరు కింద ఒకటి, ఆ మారే పొరలో ఒకటి, అడుగుకు ఒక మీటరు పైన ఒకటి. నీళ్లు తీసే పరికరం అడుగుకు తగిలిందా, ఆ నీళ్లు పారబోయండి. లేచిన బురద లేనిపోని ఫాస్ఫరస్ చూపిస్తుంది. పడవను కాస్త జరిపి మళ్లీ తీయండి.

పడవలో ఇద్దరైనా ఉండాలి, ఇద్దరికీ లైఫ్ జాకెట్ ఉండాలి. గేట్లు, తూముల వైపు అస్సలు పోవద్దు. ఆకుపచ్చ రంగు పూసినట్టు నాచు తెట్టు కనిపిస్తే అందులో విషం ఉండవచ్చు, చేతి తొడుగుల్లేకుండా ముట్టుకోకండి.

ఎక్కువ తప్పులు జరిగేది సీసాల దగ్గరే. లీటరుకు 35 మైక్రోగ్రాముల మొత్తం ఫాస్ఫరస్ (కరిగినదీ, రేణువుల్లో ఉన్నదీ కలిపి) దాటితే పోషకాలు మితిమీరినట్టే లెక్క. అంత చిన్న కొలతను సీసాలో మిగిలిన సబ్బు మరక కూడా తారుమారు చేస్తుంది. ఫాస్ఫేటు లేని సబ్బుతో కడిగి, 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మరోసారి కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు కడగాలి. మూత లోపల వేలు పెట్టకూడదు. ఒక సీసాలో డిస్టిల్డ్ వాటరే నింపి, మిగతా వాటితోపాటు తిప్పి తెచ్చి పరీక్షకు పంపండి. దాంట్లో ఫాస్ఫరస్ కనిపించిందంటే లోపం జలాశయానిది కాదు, మన పనిది.

పైకి తీసిన నీళ్లలో మొదటి వాటా కరిగిన ఆక్సిజన్ సీసాకే. పరికరం గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి, గాలి బుడగ చిక్కకుండా పొర్లిపోయేదాకా నింపాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ ఉంటుంది కాబట్టి ప్రతిసారీ అదే వేళకు తీయండి, వేళ రాసిపెట్టండి.

మొత్తం ఫాస్ఫరస్ సీసాలో పీహెచ్ 2 కంటే తగ్గేలా సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి చల్లగా ఉంచితే 28 రోజులు ఆగుతుంది. కరిగిన ఫాస్ఫేటుకు ఆమ్లం వద్దు: అక్కడికక్కడే 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టి, ఐసులో పెట్టి 48 గంటల్లోపు పరీక్షించాలి. నాచు ఎంతుందో చెప్పే ఆకుపచ్చ పదార్థం పత్రహరితం. దాన్ని కొలవడానికి నీటిని వడకట్టిన ఫిల్టర్‌కు వెలుతురు, ఆమ్లం రెండూ సోకకూడదు, సోకితే పత్రహరితం వేరే పదార్థంగా మారిపోతుంది.

ఫలితాలు రాగానే ముందు వాటిని ఏ లెక్కలో రాశారో చూడండి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఫాస్ఫేటు అంటే ఫాస్ఫరస్‌గా 0.033 మాత్రమే. నైట్రేట్‌గా 50 అని రాసినదీ, నైట్రోజన్‌గా 11.3 అని రాసినదీ ఒకటే. పాత పట్టికతో పోల్చే ముందు రెండూ ఒకే లెక్కలో ఉన్నాయో లేదో చూసుకోండి.