చిన్నగా ఉండాలె, దెబ్బ గట్టిగా ఉండాలె: నడుము మీది పిస్టల్ తిప్పలు, వాటి మందు

పోలీసు ఆర్ముడ్ రిజర్వులో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు రిపేరు చేసే పనిలో ఉండి రిటైరయ్యాక మిర్యాలగూడలో స్థిరపడ్డాను. ఇప్పుడు రిపేర్లు చేయను. దానికి వేరే లైసెన్స్ కావాలి, నాకు లేదు. అయినా రైస్ మిల్లు ఓనర్లు, హైవే మీద పెట్రోల్ బంకు నడిపేవాళ్లు, జడ్చర్ల దిక్కు కాంట్రాక్టర్లు సలహా కోసం వస్తూనే ఉంటారు. కొనేముందు వచ్చేవాళ్లు తక్కువ. కొన్నాక తల పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

ఒక పని చేసి చదవండి. మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) తీయండి, స్లైడ్ (పైన జారే ఇనుప భాగం) వెనక్కి లాగి చాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, తూటా లేదని కళ్లతో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి. తర్వాతే మిగతా కథ.

సమస్య: "9 ఎం.ఎం. కావాలంటే లేదంటున్నారు సార్"

లేదనడం కరెక్టే. బోర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు. 9 ఎం.ఎం., .38 మన దేశంలో నిషిద్ధ బోర్ కింద వస్తాయి. ఆ లైసెన్స్ సంగతి ఢిల్లీలో హోం శాఖ చూసుకుంటుంది. నల్గొండ కలెక్టరేట్‌లో పెట్టుకునే దరఖాస్తుతో వచ్చేది కాదు. మనలాంటి వాళ్లకు ఆచరణలో మిగిలేది .32.

దీనికి మొహం ముడుచుకోనక్కర్లేదు. తూటా కొసన ఉండి బయటికి దూసుకుపోయేది గుండు. .45 గుండు సుమారు 15 గ్రాములు, .32 ఏసీపీ గుండు సుమారు 4.6 గ్రాములు. పెద్ద గుండును చిన్న పిస్టల్‌లో పెడితే ఆ తన్ను ఎక్కడికీ పోదు, మీ మణికట్టుకే వస్తుంది. పిస్టల్ తేలికైన కొద్దీ ఎక్కువ ఎగురుతుంది, బ్యారెల్ పొట్టిదైన కొద్దీ గుండు వేగం తగ్గుతుంది. అంటే పెద్ద బోర్ కోసం మీరు పెట్టిన డబ్బులో కొంత మంటగా, మోతగా గాల్లో కలిసిపోతుంది. ఏడాదికి ఒకసారి కూడా రేంజ్‌కు పోని మనిషికి అది ఎందుకు?

ఇక్కడే ఇంకో పొరపాటు. .32 అనగానే అన్నీ ఒకటే తూటా అనుకుంటారు. పిస్టల్‌ది .32 ఏసీపీ, పొట్టిది. రివాల్వర్‌ది .32 లాంగ్, దానికి అడుగున అంచు బాగా బయటికి ఉంటుంది. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో వాడకూడదు. ఒకాయన అశని అనే .32 పిస్టల్ కొని, బావమరిది రివాల్వర్ కోసం తెచ్చుకున్న డబ్బాలోంచి పది తూటాలు తీసుకొచ్చాడు. మ్యాగజైన్‌లో పట్టక నా దగ్గరికి వచ్చాడు. పట్టకపోవడమే అదృష్టం. పైగా ఒకరి తూటాలు ఇంకొకరి దగ్గర ఉండటమే తప్పు, బావమరిదైనా సరే.

సమస్య: స్లైడ్ లాగలేకపోతున్నా

చిన్న .32 పిస్టళ్లు చాలావరకు బ్లోబ్యాక్ రకం. పేలినప్పుడు స్లైడ్‌ను ఆపి ఉంచడానికి దాని బరువు, స్ప్రింగు తప్ప ఇంకేం ఉండవు. అందుకే పిస్టల్ చిన్నదైనా స్ప్రింగు గట్టిగా ఉంటుంది. ఎడమచేత్తో స్లైడ్‌ను పట్టుకుని ఉంచి, కుడిచేత్తో పిస్టల్‌ను ముందుకు నెట్టండి. లాగడం కంటే నెట్టడం తేలిక. అప్పటికీ రాకపోతే పంతం వద్దు, రివాల్వర్ చూసుకోండి. 2014లో వచ్చిన నిర్భీక్ అర కిలో బరువు. 2023లో వచ్చిన ప్రబల్ 700 గ్రాములు, సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) పక్కకు తెరుచుకుంటుంది. రివాల్వర్‌కు లాగాల్సిన స్లైడ్ లేదు, కానీ సిలిండర్ లావు నడుము దగ్గర తెలుస్తుంది.

సమస్య: వంగితే చొక్కా మీద అచ్చు పడుతోంది

బ్యారెల్ పొడవు చూసి కొంటారు. బయటపడేది మాత్రం పిడి. బ్యారెల్ ప్యాంటు లోపలికి పోతుంది, పిడి కొస పక్కటెముకల దగ్గర పొడుచుకొస్తుంది. కాబట్టి దుకాణంలో కొలవాల్సింది పిడి ఎత్తు. అట్లాగని చిటికెన వేలికి కూడా చోటు లేనంత చిన్నది తీసుకోకండి. మూడు వేళ్లూ పట్టాలి.

అసలు దోషి చాలాసార్లు బెల్టు. ప్రెస్ మీటింగుకు పోయే మెత్తటి బెల్టు ఈ బరువు మోయలేదు, పిస్టల్ బయటికి వాలిపోతుంది. మందంగా, బిగుతుగా ఉండేది కట్టండి. హోల్‌స్టర్ ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి. లాల్చీ పైజామా వాళ్లకు నా దగ్గర మందు లేదు. బెల్టు లేని చోట పిస్టల్ వద్దు, జేబులో తాళంచెవుల మధ్య అసలే వద్దు. 2016 ఆయుధ నియమాలు కూడా పిస్టల్ హోల్‌స్టర్‌లో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి అనే చెబుతాయి. చొక్కా పైకి ఎత్తి పెళ్లిలో చుట్టాలకు చూపించడం వీటిలో దేని కిందికీ రాదు. బరాత్‌లో గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణం మీదికైనా తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

సమస్య: మధ్యలో ఆగిపోతోంది

దీనికి కొంచెం సమయం పెట్టాలి, ఎందుకంటే కారణాలు నాలుగు.

మొదటిది .32 ఏసీపీకి పుట్టుకతో వచ్చింది. ఆ తూటా అడుగున అంచు కేసు (తూటా ఒంటి గొట్టం) కంటే కొంచెం బయటికి ఉంటుంది. గోరు ఆనించి చూడండి, తగులుతుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి. అది జారి వెనక్కి పడిందంటే రెండూ కొక్కెంలా పట్టుకుంటాయి. స్లైడ్ ఎంత నెట్టినా పై తూటా కదలదు. స్లైడ్ పదిసార్లు లాగినా లాభం ఉండదు. మ్యాగజైన్ బయటికి తీసి, తూటాలు దింపి, ఒక్కొక్కటి చూసుకుంటూ మళ్లీ ఎక్కించాలి. పొట్టి గుండున్న తూటాలతో ఇది ఎక్కువ, మ్యాగజైన్‌లో ముందూ వెనకా ఊగడానికి జాగా ఉంటుంది కాబట్టి.

రెండోది మన ఊరి జబ్బు: ఊక దుమ్ము. ఒక మిల్లు ఓనరు పిస్టల్ విప్పి పాత పేపర్ మీద పెడితే, స్లైడ్ గాడిలోంచి అట్ల పిండిలా ముద్ద వచ్చింది. నూనె ఎక్కువ పోశాడు, దుమ్ము అందులో కలిసి గట్టిపడింది. పైగా అది కొబ్బరినూనె! వాసన చూసి నవ్వాపుకోలేకపోయాను. తుపాకీ నూనె రెండు చుక్కలు చాలు, పూసి పొడి గుడ్డతో తుడిచేయాలి. ముట్టుకుంటే వేలికి తడి తెలియకూడదు.

మూడోది చెయ్యి. మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, ఖాళీ కేసు బయటికి పడే సందులోనే ఇరుక్కుంటుంది. అదే పిస్టల్ ఇంకొకరి చేతిలో బాగా పనిచేస్తే తప్పు పిస్టల్‌ది కాదు.

నాలుగోది పాత తూటాలు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుంటే, మూతిని టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి, తర్వాత తీయండి. టుస్సుమని నీరసంగా మోగితే మాత్రం అక్కడితో ఆపేయాలి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. కడ్డీతో పొడవకుండా లైసెన్స్ ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

సమస్య: తుప్పు

మే నెలలో నల్గొండ ఎండ తెలుసు కదా. నడుము దగ్గర చెమట, చెమటలో ఉప్పు. రోజూ రాత్రి తుడవాలి, అంతే.

కానీ పెద్ద తుప్పు ఎన్నికల తర్వాత వస్తుంది. కోడ్ వచ్చి నోటీసు అందితే పిస్టల్ స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి. 2023 నవంబర్‌లో అసెంబ్లీ, 2024 మేలో పార్లమెంటు, ఇట్లా వెంట వెంట వచ్చాయి. చాలామంది తోలు హోల్‌స్టర్‌తో సహా అప్పగిస్తారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. హోల్‌స్టర్ ఇంట్లో పెట్టి, పిస్టల్‌కు నూనె పూసి, నూనె గుడ్డలో చుట్టి ఇవ్వండి. రసీదులో నంబరు సరిచూసుకోండి. తెచ్చుకున్నాక స్లైడ్ విప్పి, బ్యారెల్‌ను వెలుతురుకు పెట్టి చూడనిదే తూటా ఎక్కించకండి.

సమస్య: చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు

పిస్టల్ బాగానే ఉంది, తప్పు కాగితంలో ఉంది. లైసెన్స్‌లో ఎక్కడిదాకా చెల్లుతుందో రాసి ఉంటుంది. తెలంగాణ వరకే అని ఉంటే కోదాడ దాటి విజయవాడ వైపు, అలంపూర్ దాటి కర్నూలు వైపు, మక్తల్ దాటి రాయచూర్ వైపు తీసుకుపోకూడదు. వ్యాపారం అవతల కూడా ఉంటే పరిధి పెంచమని ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

శ్రీశైలం పోయేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. మన్ననూరు గేటు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. అభయారణ్యంలోకి ఆయుధంతో పోవాలంటే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి కావాలి, మీ ఆయుధ లైసెన్స్ అక్కడ సరిపోదు. మొన్న ఒకాయన దర్శనానికి పోతూ ఫోన్ చేసి "సార్, డిక్కీలో పెడితే?" అని అడిగాడు. డిక్కీ కూడా అడవిలోంచే పోతుంది కదా అన్నాను. కల్వకుర్తి నుంచే వెనక్కి తిప్పి, ఇంట్లో బీరువాలో పెట్టి, మళ్లీ బయలుదేరాడు.