మ్యూరెన్ వెళ్తే కనీసం రెండు రాత్రులు ఉండండి, ఎలాగో చెప్తా

స్విట్జర్లాండ్ ప్లాన్ చేసేవాళ్లు చాలామంది కింద ఇంటర్‌లాకెన్ పట్నంలో రూమ్ తీసుకుని, పొద్దున కొండెక్కి సాయంత్రానికి దిగొచ్చేస్తారు. అలా తిరిగితే ఫొటోలు బాగా వస్తాయి, నేను కాదనను, కానీ ఊరు మాత్రం కనబడదు. మ్యూరెన్ లాంటి చిన్న ఊరు అసలు ఊరులా అనిపించేది సాయంత్రం నాలుగు దాటాకే, డే ట్రిప్ జనం కిందికి వెళ్లిపోయాక. అందుకే పైనే పడుకోండి, ఒక రాత్రి వాన కొట్టేసినా ఇంకోటి మిగలాలి కాబట్టి రెండు రాత్రులు పెట్టుకోండి.

ఊరు 1,638 మీటర్ల ఎత్తులో ఉంది, ఎదురుగా ఐగర్, మోంష్, యుంగ్‌ఫ్రావ్ మూడు శిఖరాలూ వరసగా కనిపిస్తాయి. టూరిస్టుల కార్లు పైకి రావు. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్ నుంచి లాటర్‌బ్రూనెన్ ట్రైన్ ఎక్కాలి, ఇరవై నిమిషాలు. ఇక్కడ జాగ్రత్త, ఆ ట్రైన్ త్స్వైలూచినెన్ అనే స్టేషన్‌లో రెండు ముక్కలవుతుంది, ఒక సగం లాటర్‌బ్రూనెన్‌కి, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. నేను కిటికీ సీటు దొరికిందన్న సంతోషంలో బోర్డు చూడకుండా కూర్చున్నా, తీరా చూస్తే గ్రిండెల్‌వాల్డ్‌లో తేలా. ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ డిస్‌ప్లే, పెట్టె మీద రాసిన ఊరి పేరు రెండూ చూసుకోండి.

లాటర్‌బ్రూనెన్ నుంచి పైకి రెండు దారులు. ఒకటి స్టేషన్ ఎదురుగానే ఉన్న కేబుల్ కార్‌లో గ్రూచాల్ప్ దాకా వెళ్లి, అక్కడ కొండ అంచు వెంట నడిచే బుల్లి ట్రైన్ ఎక్కడం, ఆ లైన్ 1891 నాటిది. రెండోది పసుపు పోస్ట్‌బస్‌లో ష్టెఖెల్‌బెర్గ్ వెళ్లి అక్కడ కేబుల్ కార్ ఎక్కడం, ఈ కేబుల్ కార్ 2024 డిసెంబర్‌లో కొత్తగా మొదలైంది, 159.4 శాతం వాలుతో ప్రపంచంలోని కేబుల్ కార్లలోనే అత్యంత నిటారుది. ఎత్తు భయం ఉన్నవాళ్లు మొదటి దారే పట్టండి. ఇంకో విషయం, ట్రైన్ స్టేషన్ ఊరికి ఈ చివర, కేబుల్ కార్ స్టేషన్ ఆ చివర ఉంటాయి, మీ హోటల్ ఏ వైపుందో మ్యాప్‌లో చూసి దాన్నిబట్టి దారి ఎంచుకోండి, లేకపోతే సూట్‌కేస్ ఈడ్చుకుంటూ ఊరంతా దాటాలి. ముందే మెయిల్ చేసి అడిగితే కొన్ని హోటళ్లవాళ్లు వచ్చి లగేజీ తీసుకెళ్తారు.

టికెట్ల సంగతికొస్తే రైళ్లకీ బస్సులకీ కలిపి టూరిస్టులకిచ్చే స్విస్ ట్రావెల్ పాస్ మ్యూరెన్ దాకా పూర్తిగా పనిచేస్తుంది, అక్కణ్ణుంచి షిల్ట్‌హార్న్ శిఖరానికి మాత్రం సగం ధర కట్టాలి. ఆ శిఖరం 2,970 మీటర్లు. దాని టికెట్ ముందురోజే కొనకండి, పొద్దున లేచి శిఖరం వెబ్‌క్యామ్ చూడండి, తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేకపోతే డబ్బులు మిగిలినట్టే, ఆ రోజు కింద నడవండి.

ఎప్పుడెళ్లాలి అంటే జూన్ చివర నుంచి సెప్టెంబర్ దాకా నడకకి, డిసెంబర్ చివర నుంచి మార్చి దాకా మంచుకి. ఈస్టర్ తర్వాత నుంచి మే దాకా, మళ్లీ నవంబర్‌లో హోటళ్లు చాలావరకు మూసేస్తారు, కొన్ని కేబుల్ కార్లు రిపేర్లకి ఆపేస్తారు, రూమ్ చీప్‌గా దొరికిందని సంబరపడి బుక్ చేసేముందు ఏం నడుస్తున్నాయో చూసుకోండి. వీసా షెంగెన్, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, దానికి కావాల్సిన ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలది. ఆ పాలసీలో కొండ మీద హెలికాప్టర్ రెస్క్యూ కూడా కవర్ అవుతుందో లేదో చదవండి, చాలామంది ఇది చూడరు. అక్కడ ఎయిర్ రెస్క్యూ నంబర్ 1414, మామూలు ఎమర్జెన్సీకి 112.

నడకలో మొదటి రోజుకి బెస్ట్ గ్రూచాల్ప్ నుంచి మ్యూరెన్ దారి, పెద్ద ఎక్కుడు లేదు, మధ్యలో వింటరెగ్ దగ్గర ఆగి ఏదైనా తాగొచ్చు. రెండో రోజు గిమ్మెల్‌వాల్డ్ దిగండి, అది 1,363 మీటర్ల దగ్గరున్న ఇంకా చిన్న ఊరు, ముప్పావుగంట దిగుడు, మోకాళ్లు నొప్పులుంటే కేబుల్ కార్‌లో దిగి పైకి మాత్రం నడిచిరండి. పసుపు బోర్డుల మీద రాసిన టైమ్‌లో ఆగి ఫొటోలు తీసుకునేది కలవదు, మీరు ఇంకో సగం కలుపుకోండి. దారి గుర్తుల్లో తెలుపు ఎరుపు తెలుపు గీతలుంటే కొండదారి, గట్టి బూట్లు ఉండాలి. తెలుపు నీలం తెలుపు కనిపిస్తే అనుభవం లేనివాళ్లు వెనక్కి తిరగండి, మొహమాటం వద్దు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములొస్తాయి కాబట్టి పొద్దున్నే బయల్దేరడం మంచిది.

పచ్చగా ఉంది కదా అని గడ్డిలోకి దిగి ఫొటోలు తీసుకోకండి, అది పశువులకి చలికాలం మేత, తొక్కితే కోయడానికి పనికిరాదు. గేటు తీస్తే మళ్లీ వేయండి. దూడతో ఉన్న ఆవు దగ్గరికి అస్సలు వెళ్లొద్దు, మెడలో గంట చూసి ముచ్చటపడతాం గానీ తల్లి ఆవు తరుముకొస్తే ఆ వాలులో పరిగెత్తలేం. దారిలో ఎవరైనా ఎదురైతే "గ్రూఎసెఖ్" అనండి, అది బెర్న్ ప్రాంతం పలకరింపు, వచ్చీరాకుండా అన్నా నవ్వుతారు.

తిండి ఖరీదే. వెజ్ వాళ్లు రోష్టీ (తురిమి వేయించిన బంగాళదుంప), రాక్లెట్ (కరిగించిన చీజ్) తినొచ్చు, కానీ రోష్టీలోను ఆల్ప్లర్‌మాగ్రోనెన్ అనే చీజ్ మాకరోనీలోను పంది మాంసం ముక్కలు వేస్తుంటారు, "ఓనే ష్పెక్", అంటే అది లేకుండా, అని అడగాలి. బ్రెడ్ ముంచుకుని తినే చీజ్ ఫాండ్యూలో వైన్ ఉంటుంది. నీళ్లు కొనక్కర్లేదు, ఊళ్లో నీళ్ల తొట్టి దగ్గర "కైన్ ట్రింక్‌వాసర్" (తాగే నీళ్లు కావు) అని రాసి లేకపోతే పట్టుకోవచ్చు. చిల్లర ఫ్రాంకులు జేబులో ఉంచుకోండి, పల్లెల్లో ఇంటి ముందు ఫ్రిజ్‌లో చీజ్ పెట్టి పక్కన డబ్బా పెడతారు, మనిషుండడు, ధర చూసి మనమే వేయాలి.

రూమ్ బుక్ చేసేటప్పుడు తూర్పు వైపు బాల్కనీ అడగండి. పొద్దున సూర్యుడు ఎదురుగా ఉన్న ఆ మూడు శిఖరాల వెనక నుంచి ఆలస్యంగా వస్తాడు, అంత బాగోదు, కానీ సాయంత్రం వెలుగు నేరుగా వాటి మీద పడి కాసేపు గులాబీ రంగులోకి మారతాయి, అప్పటికి ఆఖరి గుంపు కేబుల్ కార్ క్యూలో ఉంటుంది.