వైజాగ్ నుంచి యూకేకి చదువుకి వెళ్తున్న తమ్ముళ్లకు: ఆ పుదీనా నూనె తాగకండి

సిమ్ కార్డు, బ్యాంకు అకౌంటు సంగతి మీకు ఇప్పటికే వందమంది చెప్పి ఉంటారు. నేను చెప్పేది పెప్పర్‌మింట్ ఆయిల్, అదే ఆ పుదీనా నూనె గురించి. నవ్వకండి.

మొన్న రాత్రి ఒంటిగంటకి మా పిన్ని కొడుకు బర్మింగ్‌హామ్ నుంచి వీడియో కాల్ చేశాడు. కళ్ల నిండా నీళ్లు, మాట పెగలట్లేదు. తీపి మీద యావ తగ్గుతుందని, ఒంట్లో హుషారు వస్తుందని ఎవరో చెబితే, గ్లాసు నీళ్లలో ఆరు చుక్కలు వేసుకుని గటగటా తాగేశాడట. "ఏట్రా, నూనె నీళ్లలో కలుస్తుందా?" అన్నాను. పైన తేలిందంతా మొదటి గుక్కలోనే గొంతుకి తగిలి మండిపోతోంది. నోరు పుక్కిలించమని, వాంతి మాత్రం చేసుకోవద్దని చెప్పి, అక్కడి వైద్య సలహా నంబరు 111కి ఫోన్ చేయించాను.

తిట్టాను గానీ, నేనూ తక్కువ తినలేదు. 2014లో అక్కడే చదివాను. డిసెంబరులో నాలుగింటికే చీకటి. పొద్దున్న ఖాళీ కడుపుతో క్లాసు, రాత్రి గోడౌన్లో పని, మధ్యలో కోలా, డోనట్లు. అమ్మ పంపిన కిలో మాడుగుల హల్వా నాలుగు రోజులు కూడా రాలేదు. అప్పుడు నేనూ ఓ సీసా కొని, చుక్క నేరుగా ముక్కు కింద రాసుకుని బస్సెక్కాను. ఏడుస్తున్నాననుకుని పక్కావిడ టిష్యూ ఇచ్చింది.

ఆ ఘాటు పీలిస్తే కాసేపు మత్తు వదిలినట్టుంటుంది, మనసు డోనట్ మీంచి మళ్లుతుంది. అంతే, అది శక్తి కాదు. రుమాలు మీద ఒక్క చుక్క చాలు. ఒంటికి రాసుకోవాలంటే 30 మి.లీ. కొబ్బరి నూనెలో పన్నెండు చుక్కలు మించొద్దు. నిమ్మనూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది. అక్కడ ఎండెక్కడిది అంటారేమో, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే. ఇక అమ్మలు పూర్ణా మార్కెట్‌లో కొని సూట్‌కేసులో కుక్కే నీలగిరి తైలం! ఒక్క చెంచా లోపలికి పోయినా ఫిట్స్ రావచ్చు. ఇంటివాళ్లకి పిల్లి ఉంటే డిఫ్యూజర్ (నూనె వాసన గదంతా చిమ్మే పరికరం) జోలికే పోకండి, పిల్లికి ప్రమాదం.

షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త. చెమటలు పట్టి చేతులు వణికితే అది యావ కాకపోవచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు. అప్పుడు సీసా మూత తీస్తూ కూర్చోకండి, వెంటనే గ్లూకోజో పళ్లరసమో తాగండి.

అసలు యావ చాలావరకు ఆకలి వల్ల, నిద్ర చాలకపోవడం వల్ల వచ్చేదే. 330 మి.లీ. కోలా డబ్బాలో 35 గ్రాముల పంచదార ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ 50 గ్రాముల లోపే ఉండాలని, 25 లోపైతే ఇంకా మంచిదని అంటుంది. పొద్దున్నే రెండు గుడ్లు ఉడకబెట్టుకోవడానికి ఏం రోగం మీకు? షిఫ్ట్‌కి పెరుగన్నం డబ్బా పట్టుకెళ్లండి.

సరే, మరీ టెన్షన్ పెట్టినట్టున్నాను. అలవాటవుతుంది లెండి. మార్చిలో ఒకరోజు డోనట్ షాపు దాటి బస్టాప్‌కి వచ్చేశాక గానీ గుర్తురాలేదు నాకు, కొనలేదని.

మావాడు బాగానే ఉన్నాడు. ఆ సీసా ఇప్పుడు బూట్ల దగ్గర పెట్టాడట, కంపు తగ్గిందట.