ఉక్కపోత కాలానికి ముందు: పాత చీటీతో తెల్లబట్టకు మందు వాడకండి

గత నెలలో మా దగ్గరి బంధువు ఒకామె తన చేతిసంచిలోంచి మూడు ట్యూబులు తీసి బల్ల మీద పెట్టింది. మూడూ అడుగు నుంచి చుట్టచుట్టి చివరి చుక్క దాకా పిండినవే. మందుల చీటీ ఏదని అడిగితే ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. దాని మీద ఉన్న పేరు ఆమెది కాదు, వయసు ఆమెది కాదు, తేదీ రెండేళ్ల కిందటిది. ఆ ఫొటో ఆడపడుచు నుంచి తోడికోడలికి, తోడికోడలి నుంచి ఈమెకు చేరింది. పూసిన రెండో రోజుకే దురద తగ్గేది, మానేసిన వారానికి తిరిగి వచ్చేది. అలా ఐదు నెలలు గడిచాయి. మూత్రం తగిలితే భగ్గుమనేంతగా చర్మం పలచబడి చీలిన తరువాత డాక్టరు దగ్గరికి వెళితే, ఆ ట్యూబులో ఫంగస్ మందుతో పాటు గాఢమైన స్టెరాయిడ్ కూడా ఉందని, అసలు జబ్బు ఫంగస్ కానే కాదని, ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి వల్ల వచ్చిందని తేలింది.

చెమట, తడి, ఒరిపిడి వల్ల దురదలు పెరిగే రోజులు వస్తున్నాయి కాబట్టి ఇటువంటి ఫొటోలు చేతులు మారడం కూడా ఇప్పుడే ఎక్కువ. నూలు లోదుస్తులు, తడిబట్ట వెంటనే మార్చుకోవడం, ముందు నుంచి వెనక్కి తుడుచుకోవడం వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచింది ఒక్కటే: పరీక్ష చేయించుకోకుండా, పోయినసారి పనిచేసింది కదా అని, మందు వేయకండి.

కారణం ఇది. యోనిలో మామూలుగా ఉండే ల్యాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు ల్యాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి లోపలి పీహెచ్‌ను (పులుపును, అంటే ఆమ్లగుణాన్ని తెలిపే కొలతను) దాదాపు 3.8 నుంచి 4.5 మధ్య నిలుపుతాయి. ఆ కాపలా తగ్గి ఇతర బ్యాక్టీరియా పెరిగితే పలచని బూడిదరంగు స్రావం, ముఖ్యంగా సంభోగం తరువాత చేపల నీచు వంటి వాసన వస్తాయి. దీన్ని బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అంటారు. క్యాండిడా అనే ఫంగస్ పెరిగితే విపరీతమైన దురద, విరిగిన పాల తునకల వంటి తెల్లని స్రావం ఉంటాయి గానీ వాసన పెద్దగా ఉండదు. ట్రైకోమోనాస్ సోకితే పసుపుపచ్చ లేదా ఆకుపచ్చ ఛాయ గల నురగ స్రావం, మంట కనిపించవచ్చు, ఏమీ కనిపించకపోనూ వచ్చు. చదువుతుంటే మూడూ ఇట్టే తేడా తెలిసేటట్టు ఉన్నాయి కదా? ఒంటి మీద అలా ఉండవు, పైగా రెండేసి కలిసి కూడా వస్తాయి. 2002లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తమది ఫంగస్ అని తామే నిర్ణయించుకుని మందు కొనుక్కున్న 95 మందిని పరీక్షిస్తే, నిజంగా క్యాండిడా ఒక్కటే ఉన్నవారు సుమారు మూడో వంతు మాత్రమే. ఫంగస్‌కు వాడే ఫ్లుకోనజోల్ మాత్ర ట్రైకోమోనాస్‌ను చంపదు. ట్రైకోమోనాస్‌కు, బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌కు వాడే మెట్రోనిడజోల్ ఫంగస్‌ను చంపదు, పైగా కొందరిలో ఫంగస్ పెరగడానికి దారి ఇస్తుంది. స్టెరాయిడ్ కలిసిన క్రీము దురదను అణచి, లోపలి జబ్బును అలాగే ఉంచుతుంది. తగ్గిందనిపించడమే అక్కడి మోసం.

ఇక కడగడం గురించి. వాసన వస్తోందని సబ్బుతోనో, క్రిమినాశక ద్రావణంతోనో యోని లోపల కడిగితే, పైన చెప్పిన కాపలా సూక్ష్మజీవులే ముందు కొట్టుకుపోతాయి. బ్యాక్టీరియల్ వెజైనోసిస్ వచ్చే అవకాశం పెరుగుతుంది. బయటి భాగాన్ని నీళ్లతో కడిగితే చాలు. రెండు నెలసరుల మధ్యలో వచ్చే పారదర్శకమైన, సాగే స్రావం జబ్బు కాదు, దాన్ని వదిలేయండి.

డాక్టరును చూసే ముందు రెండు రోజుల పాటు లోపల ఏ మందూ పెట్టకండి, కడగకండి, కలయికకు దూరంగా ఉండండి. లేకపోతే స్రావం నమూనాలో చూడవలసింది కనిపించకుండా పోతుంది. ఇంతవరకు వాడిన ట్యూబులు, మాత్రల అట్టలు అన్నీ పట్టుకెళ్లండి. సిగ్గుపడి ఒక్కటి దాచినా లెక్క తప్పుతుంది.

మిగిలినవి వరసగా చెబుతున్నాను.

ట్రైకోమోనాస్ అని తేలితే భర్తకు లక్షణాలు లేకపోయినా ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి, వాడటం పూర్తయి లక్షణాలు పోయేదాకా కలవకూడదు, మూడు నెలల లోపు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

ఏడు రోజుల కోర్సును మూడో రోజున ఆపకండి.

గర్భిణులు ఫ్లుకోనజోల్ మాత్రను సొంతంగా మింగకండి.

రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారు ఆ సంగతి చెప్పకుండా ఏ ఫంగస్ మందూ తీసుకోకండి, లోపల పెట్టుకునే మికోనజోల్ అనే ఫంగస్ మందు కూడా వారిలో రక్తస్రావాన్ని పెంచవచ్చు.

క్లోట్రిమజోల్ అనే ఫంగస్ మందును క్రీముగా లేదా యోనిలో పెట్టే మాత్రగా వాడే రోజుల్లో లేటెక్స్ కండోమును నమ్ముకోకండి, అది బలహీనపడుతుంది.

యోనిలో పెట్టడానికి కొందరికి ఇచ్చే బోరిక్ ఆమ్లం నోట్లోకి పోకూడదు, ప్రాణం తీస్తుంది.

వంటింట్లోది ఏదీ లోపల పెట్టకండి.

ఫంగస్ ఏడాదికి మూడు నాలుగు సార్లు తిరగబెడుతుంటే క్రీము మార్చడం మాని ముందు రక్తంలో చక్కెర చూపించుకోండి.

నెలసరి ఆగిపోయిన వారికి దురద పుడితే అది హార్మోను తగ్గి పొడిబారడం కావచ్చు, ఫంగస్ మందుతో తగ్గదు. రక్తపు చుక్క కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగకండి.

జ్వరం, పొత్తికడుపు నొప్పి, పుండ్లు, పొక్కులు, కలయిక తరువాత రక్తం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో మందు లేదు.

చిన్నపిల్లకు స్రావం వస్తే ట్యూబు ముట్టుకోకండి, డాక్టరుకు చూపించండి.

మీ చీటీ ఎవరికీ పంపకండి. ఎవరైనా పంపితే తెరవకుండా తీసేయండి. ఫోన్‌లో ఇప్పటికే ఉన్న ఆ ఫొటోను ఈ రోజే చెరిపేయండి.