ఫీడ్‌బ్యాక్ ఫారాలన్నీ "చాలా బాగుంది" అంటున్నాయా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

కాలేజీల్లో వర్క్‌షాపులు, ఎఫ్‌డీపీలు (లెక్చరర్ల నైపుణ్యం పెంచే ప్రోగ్రాంలు), టీచర్లకు శిక్షణలు పెట్టేవాళ్ళు నన్ను తరచూ అడిగే మాట: "సార్, ఫీడ్‌బ్యాక్ సరిగ్గా రావట్లేదు, ప్రశ్నలు మార్చాలా?" ప్రశ్నల సంగతి తర్వాత. ఆ లింకును మీ అకౌంట్ లేని ఫోన్లో ఒక్కసారైనా తెరిచి చూశారా? ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను, చూశామని చెప్పినవాళ్ళు చాలా తక్కువ. దయచేసి ఆ ఒక్క పని చేశాకే మిగతాది చదవండి.

ఫారం తయారుచేయడం, క్యూఆర్ కోడ్ తీయడం మీకు వచ్చు అనుకునే రాస్తున్నాను.

సమస్య: లింక్ పంపాం, ఎవరూ నింపలేదు

కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో గూగుల్ ఫారం చేస్తే, అది ఆ సంస్థ అకౌంట్ ఉన్నవాళ్ళకే తెరుచుకునేలా ఉండొచ్చు. మీరు అదే అకౌంట్‌లో ఉంటారు కాబట్టి మీకు చక్కగా తెరుచుకుంటుంది. వేరే కాలేజీ నుంచి వచ్చిన లెక్చరర్‌కు మాత్రం పర్మిషన్ లేదని చూపిస్తుంది. ఆయన మీకు ఫోన్ చేసి చెప్పరు. ఫోన్ జేబులో పెట్టుకుని బస్సెక్కుతారు. మీరేమో జనానికి ఆసక్తి లేదని అనుకుంటారు.

ఒక్కొక్కరు ఒకసారే నింపాలన్న సెట్టింగ్ పెట్టినా, ఫైల్ అప్‌లోడ్ చేయమనే ప్రశ్న పెట్టినా గూగుల్ లాగిన్ అడుగుతుంది. లాగిన్ అడిగిన చోట చాలామంది ఆగిపోతారు. రెండూ తీసేయండి.

పరిష్కారం: ఇన్‌కాగ్నిటో విండోలో లింక్ తెరిచి, చివరిదాకా నింపి, సబ్మిట్ కొట్టండి. జవాబులు చేరే షీట్‌లో ఆ వరుస పడిందో లేదో చూసుకుని తీసేయండి. రెండు నిమిషాల పని.

లింక్ బాగానే ఉండి కూడా రాకపోతే మీరు అడిగిన వేళ తప్పు. వందన సమర్పణ, జాతీయ గీతం అయ్యాక ఎవరూ మళ్ళీ కూర్చోరు. రాత్రికి వాట్సాప్ గ్రూపులో లింక్ వేస్తే, అది "థాంక్యూ సార్"ల కింద, గ్రూప్ ఫొటోల కింద పూడిపోతుంది. చివరి సెషన్‌కీ వందన సమర్పణకీ మధ్య 7 నిమిషాలు ప్రోగ్రాం షీట్‌లోనే రాసిపెట్టండి. సెమినార్ హాల్లో సిగ్నల్ అందకపోతే క్యూఆర్ కోడ్‌తో కుస్తీ పట్టొద్దు. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చీటీలు పంచండి.

సమస్య: అందరూ నింపారు, అందరూ 5కి 5 ఇచ్చారు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మిగతా సమస్యలు కంటికి కనిపిస్తాయి. ఇది మాత్రం విజయంలా కనిపిస్తుంది, అందుకే ఎవరూ వెతకరు.

ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ల కోసం రెండు రోజుల ప్రోగ్రాం చేశాం. వచ్చిన ప్రతి ఒక్కరూ ఫారం నింపారు. జవాబుల గుండ్రటి చార్టు మొత్తం ఒకే రంగు. కామెంట్లలో "గుడ్", "ఎక్సలెంట్", "నిల్". సంతోషపడి, తర్వాతి సెమిస్టర్‌లో ఒక్క స్లైడు కూడా మార్చకుండా అదే ప్రోగ్రాం పెట్టాం. రెండో రోజు భోజనాల తర్వాత హాల్లో సగం కుర్చీలు ఖాళీ.

మొదటి ప్రోగ్రాంకు వచ్చిన ఒక మేడం ఆ రోజు టీ దగ్గర కనిపించారు. "సార్, ల్యాబ్‌లో మొదటి గంట తర్వాత నాకేమీ అందలేదు. మీరు చాలా వేగంగా వెళ్ళిపోయారు" అన్నారు. "మరి ఫారంలో 5 ఇచ్చారు కదా మేడం?" అని అడిగాను. "సర్టిఫికెట్ కావాలి కదండీ. పైన పేరు కూడా రాయమన్నారు" అన్నారు.

సర్టిఫికెట్‌కూ ఫీడ్‌బ్యాక్‌కూ మేం ముడివేశాం. ఫారం సబ్మిట్ చేస్తే ఈ-సర్టిఫికెట్ మెయిల్‌కు వస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో వెబినార్లు వరుసగా నడిచినప్పుడు ఈ పద్ధతి అందరికీ అలవాటైంది. ఇప్పటికీ చాలామంది ఆలోచించకుండా అదే వాడుతున్నారు. లెక్చరర్‌కు సర్టిఫికెట్ అంటే అప్రైజల్ ఫైల్లో పడే కాగితం. ఆ కాగితం ఇచ్చేవాళ్ళ చేతికే, తన పేరు, మెయిల్ ఐడీ రాసి, "మీ సెషన్ అర్థం కాలేదు" అని ఎవరు రాసిస్తారు? నేనైనా రాయను. ఆ ఫారం వాళ్ళకు రసీదు మాత్రమే. త్వరగా సంతకం పెట్టేసి బయటపడాలి, అంతే.

మీ ఫారానికి ఇదే జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. ఆ రోజు అందరి కళ్ళముందూ చెడిపోయినది ఏదైనా గుర్తు తెచ్చుకోండి: మైక్ గంటసేపు కీచుమంది, కరెంటు పోయింది, భోజనం ఆలస్యమైంది. ఇప్పుడు ఆ ప్రశ్నకు ఏం జవాబులు వచ్చాయో చూడండి. మా హాల్లో మైక్ ఉదయమంతా ఏడిపించింది. "సౌండ్ ఏర్పాట్లు" అన్న ప్రశ్నకు కూడా దాదాపు అందరూ 5 ఇచ్చారు. మైక్‌కే 5 ఇచ్చిన చోట వక్తకు వచ్చిన 5కు ఏం విలువ ఉంటుంది? ఆ రోజే ఈ సంగతి గమనించి ఉంటే రెండో ప్రోగ్రాం పాడయ్యేది కాదు.

ఇంకొక గుర్తు షీట్‌లో మొదటి నిలువు వరుసలోనే, జవాబు వచ్చిన టైమ్ దగ్గరే ఉంటుంది. జవాబులన్నీ సర్టిఫికెట్ ప్రకటన చేసిన నాలుగైదు నిమిషాల్లో గుంపుగా పడి ఉంటే, ఎవరూ ప్రశ్నలు చదవలేదు.

పరిష్కారం: ముడి విప్పేయండి. సర్టిఫికెట్ హాజరును బట్టి ఇవ్వండి. ఉదయం, మధ్యాహ్నం సంతకాలుంటే చాలు. ఈ మాట చివర్లో చెబితే ఎవరూ నమ్మరు. ప్రారంభంలోనే మైకులో చెప్పండి: "సర్టిఫికెట్‌కు సంతకాలే లెక్క, ఫీడ్‌బ్యాక్‌తో సంబంధం లేదు." ఫీడ్‌బ్యాక్ ఫారంలో పేరు తీసేయండి, మెయిల్ ఐడీ సేకరించే సెట్టింగ్ ఆపేయండి.

పేరు తీసేసి, కింద డిపార్ట్‌మెంట్, హోదా, ఎన్నేళ్ళ సర్వీసు అని అడుగుతారు కొందరు. నలభైమంది ఉన్న హాల్లో, సివిల్ నుంచి వచ్చిన ఒకే ఒక్క అసోసియేట్ ప్రొఫెసర్‌ను గుర్తుపట్టడానికి ఇంకేం కావాలి? అవి కూడా తీసేయండి. పేరున్న ఫారం ఒకటి, పేరు లేనిది ఒకటి పెట్టి, ఒకదాని వెంట ఒకటి నింపించినా టైమ్ చూసి ఎవరిదేదో జత చేసేయొచ్చు, అందుకే వాటిని ఒకేసారి అడగొద్దు. కాగితం చీటీలైతే చేతిరాత ఉంటుంది, తమ స్టాఫ్ చేతిరాత హెచ్‌ఓడీలు ఇట్టే గుర్తుపడతారు. చీటీలో ఎక్కువగా టిక్కులే ఉండాలి, రాసేది ఒక్క లైను చాలు.

చీటీలు వేదిక మీదివాళ్ళు తీసుకోకూడదు. తలుపు దగ్గర ఒక అట్టపెట్టె పెట్టి, మీరు అక్కడినుంచి పక్కకు వెళ్ళిపోండి. పెట్టె పక్కన నవ్వుతూ నిలబడే ప్రిన్సిపాల్ గారిని కూడా టీకి తీసుకెళ్ళండి.

ఇలా చేస్తే వచ్చే ఫారాల సంఖ్య తగ్గుతుంది. మా దగ్గర సగానికి పడిపోయింది. నాకూ టెన్షన్ వచ్చింది. కానీ ఆ సగంలో, ఇన్‌స్టలేషన్‌కే గంటన్నర పోయిందని తొమ్మిదిమంది రాశారు. ముందురోజే లింక్ పంపి ఇన్‌స్టాల్ చేసుకుని రమ్మన్నాం, ఆ గంటన్నర ప్రాక్టీసుకు దొరికింది.

"ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) వాళ్ళు అందరి ఫారాలూ ఉండాలంటారు, న్యాక్ (కాలేజీలకు నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ) ఫైల్లో పెట్టాలి" అంటారా? ఆ ఫారం అలాగే ఉంచండి, మూడు ప్రశ్నలకు కుదించండి. మీరు నేర్చుకోవడానికి మాత్రం వేరే చీటీ పెట్టండి. రెండిటినీ కలిపితే రెండోది చస్తుంది.

సమస్య: అంకెలకూ రాసిన మాటకూ పొంతన లేదు

అన్నిటికీ 1 ఇచ్చి, కింద "అద్భుతంగా చెప్పారు" అని రాసినవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. తప్పు వాళ్ళది కాదు. మనకు చిన్నప్పటినుంచీ 1 అంటే ఫస్ట్ ర్యాంకు. అంకెలు మానేసి మాటలే పెట్టండి: "పూర్తిగా అర్థమైంది", "కొంత అర్థమైంది", "అర్థం కాలేదు".

పైనుంచి కిందికి ఒకే వరుసలో 3లు కొట్టుకుంటూ పోతే ప్రశ్నలు ఎక్కువైనట్టు. ఇరవై ప్రశ్నల పట్టికను సాయంత్రం నాలుగున్నరకు ఎవరూ చదవరు. "వక్త, విషయం బాగున్నాయా?" లాంటివి కూడా ఇక్కడే పట్టుకోండి. వక్త బాగుండి విషయం బాగోకపోతే పాపం ఏం టిక్ పెట్టాలి?

సమస్య: కామెంట్లన్నీ భోజనం, ఏసీ గురించే

"మీ సూచనలు" అని ఖాళీ గడి పెడితే చివరగా గుర్తున్నది రాస్తారు. చివరగా గుర్తుండేది భోజనమే. నేను ఇప్పుడు అడిగేవి మూడే:

ఏ సెషన్ దగ్గర మీకు పట్టు తప్పింది? (సెషన్ల పేర్లు ఇచ్చి టిక్ పెట్టమంటాను. "ఎక్కడా కాదు" కూడా ఉంటుంది.)

ఏది తీసేసినా మీకు నష్టం లేదు?

వచ్చే నెలలో మీ క్లాసులో ఇందులో ఏది వాడతారు?

ఇవి నాకు పనికొస్తాయి, ఎందుకంటే ప్రతి జవాబుకూ నేను మార్చగలిగేది ఒకటుంది. కాలేజీకి ఉన్నది ఒక్కటే హాలు అయినప్పుడు "వేదిక ఎలా ఉంది?" అని అడిగి ఏం చేస్తాం? ప్రశ్న రాసే ముందు, జవాబు చెడుగా వస్తే ఏం మారుస్తానో పక్కన రాసుకుంటాను. రాయలేకపోతే ఆ ప్రశ్న కొట్టేస్తాను.

మూడో ప్రశ్నకు ఇంకో పని కూడా ఉంది. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లోనే శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలన్నారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, ఫలితం వచ్చిందా. మన ఫారాలన్నీ మొదటి మెట్టు మీదే ఆగిపోతున్నాయి. నెల తర్వాత ఆరుగురికి ఫోన్ చేసి "వాడారా?" అని అడిగితే మూడో మెట్టు సంగతి తెలుస్తుంది.

తెలుగులో టైప్ చేయడం అందరికీ అలవాటు లేదు. "ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా సరే" అని గడి పైన ఒక్క లైను పెట్టండి. "గుడ్" అని వదిలేసేవాళ్ళు రెండు వాక్యాలు రాస్తారు.

అరుదుగా వచ్చేవి

ఒకరే రెండుసార్లు నింపడం, ఎవరో ఆకతాయి రాతలు రాయడం, పొరపాటున ఫారం జవాబులు తీసుకోవడం ఆగిపోవడం. షీట్ ఒకసారి పైనుంచి కిందికి చూస్తే దొరికిపోతాయి. వీటికి భయపడి లాగిన్ తప్పనిసరి చేయొద్దు.

సమస్య: ఫీడ్‌బ్యాక్ నిజంగానే బాగుంది, తర్వాతిసారి మాత్రం జనం రాలేదు

ఉదయం సంతకాలు లెక్కపెట్టండి, సాయంత్రం కుర్చీల్లో మిగిలినవాళ్ళను లెక్కపెట్టండి. ఆ తేడాలో ఉన్నవాళ్ళు మీ ఫారం చూడనే లేదు. చివరిదాకా కూర్చున్నవాళ్ళకు నచ్చింది కాబట్టే కూర్చున్నారు. మధ్యలో వెళ్ళినవాళ్ళలో అయిదారుగురికి మర్నాడు ఫోన్ చేయండి. "ఎందుకు వెళ్ళిపోయారు?" అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది, తలనొప్పి అని చెప్పి పెట్టేస్తారు. "తర్వాతి ప్రోగ్రాంకు టైమింగ్స్ మారుద్దామనుకుంటున్నాం సార్, మీకు ఎలా ఉంటే వీలు?" అని మొదలుపెట్టండి. ఒకసారి అలా ఫోన్ చేస్తే ముగ్గురు ఒకే మాట చెప్పారు: వాళ్ళ ఊరికి నేరుగా వెళ్ళే చివరి బస్సు అయిదింటికి. మా ల్యాబ్ సెషన్ అయిదున్నర దాకా ఉండేది. అప్పటినుంచి ల్యాబ్‌ను ఉదయానికి మార్చి, నాలుగున్నరకల్లా ముగిస్తున్నాం.