.308 కేసులు ట్రిమ్ చేసే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో రైఫిల్ షూటింగ్‌కి అలవాటుపడి, ఇంట్లోనే రీలోడింగ్ (కాల్చిన తూటాల ఇత్తడి కేసుల్ని మళ్లీ నింపి వాడుకోవడం) మొదలుపెడుతున్నవాళ్ల కోసం ఇది. .308 అంటే ఇక్కడ .308 విన్‌చెస్టర్ రైఫిల్ తూటా; ట్రిమ్ అంటే సాగిన కేసు మెడని కోసి పొడుగు తగ్గించడం.

– కళ్లద్దాలు పెట్టుకోండి. టేబుల్ మీద పౌడర్ గానీ, నిండు తూటాలు గానీ ఉండకూడదు.

– కాల్చిన కేసుల మసిలో, టంబ్లర్ (కేసుల్ని శుభ్రం చేసే యంత్రం) దుమ్ములో సీసం ఉంటుంది. అక్కడ కాఫీ, తిండి వద్దు. పిల్లల్ని రానివ్వకండి, పని కాగానే చేతులు సబ్బుతో కడగండి. కిచెన్ సింక్‌లో మాత్రం కాదు.

– ఒక్కో కేసునీ వెలుతురులో తిప్పి చూడండి. మెడ దగ్గర చీలిక ఉంటే పారేయండి. అడుగుకి కాస్త పైన మెరిసే గీత చుట్టూ కనిపిస్తే అనుమానించాలి. పేపర్ క్లిప్ కొన వంచి లోపల గోడ మీద లాగండి. గాడిలా తగిలితే ఆ కేసు రెండుగా తెగడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఇత్తడి ఖరీదని ఇక్కడ పిసినారితనం వద్దు.

– లోపల రెండు చిన్న రంధ్రాలుంటే అది బెర్డాన్ ప్రైమర్ రకం కేసు (ప్రైమర్ అంటే అడుగున ఉండి పౌడర్‌ని అంటించే చిన్న మూత). పాత ప్రైమర్‌ని బయటికి తోసే డీక్యాపింగ్ పిన్ విరుగుతుంది, పక్కన పెట్టండి.

– లూబ్ (జారుడు కోసం రాసే నూనె లాంటిది) రాయకుండా కేసుని సైజింగ్ డైలోకి (కాల్చాక ఉబ్బిన కేసుని మళ్లీ కొలతకి తెచ్చే అచ్చు) తోయకండి. ఇరుక్కుంటే తీయడం పెద్ద తలనొప్పి.

– సైజింగ్ తర్వాతే కొలవండి, ఎందుకంటే సైజింగ్‌లో కేసు సాగుతుంది. గరిష్ఠం 2.015 అంగుళాలు, ట్రిమ్ చేయాల్సింది 2.005కి. పొడుగు ఎక్కువైతే మెడ అంచు చాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే చోటు) చివర నొక్కుకుపోయి బుల్లెట్‌ని బిగించేస్తుంది, ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. కాలిపర్ మూసి సున్నా చూపిస్తోందా అన్నది ముందే చూసుకోండి.

– కోసిన అంచుని లోపలా బయటా తేలిగ్గా నునుపు చేయండి, కత్తి అంచులా పదును తేలేదాకా గీకొద్దు.